పరామర్శ బండి

మా నాయిన చావులకు వెళ్లి వెళ్లి మంత్రి అయ్యాడు. నేనంటే ఎటకారం అనుకుంటారు గానీ, ఈ మాట ఆయనే నలుగురిలో మీసం దువ్వుకుంటూ చెప్పుకుంటాడు. పెళ్లికి పోకపోతే మనిషి అలుగుతాడు, చావుకు పోకపోతే ఇంటిల్లిపాదీ అలుగుతారు, ఆ అలక ఓటు దాకా వస్తుంది అంటాడు. గద్వాల మొదలుకొని నల్లమల అంచు దాకా ఎవరు కాలం చేసినా, శవం లేవకముందే తిమ్మప్ప సారు తెల్ల బండి ఆ వాకిట్లో ఆగేది. అలా తిరిగి తిరిగి ఒక దఫా మంత్రి, ఇప్పుడు ఎమ్మెల్సీ. జనం ఆ బండికి పేరు కూడా పెట్టుకున్నారు, పరామర్శ బండి అని.

నిరుడు ఆయన గుండెకు స్టెంటు వేశారు. డాక్టర్లు తిరగొద్దన్నారు. సారు తిరగడం మానేశాడని జనం పోవడం మానేయరు కదా. హైదరాబాదులో ఒక సీనియర్ వకీలు దగ్గర అప్పుడప్పుడే కుదురుకుంటున్న నన్ను ‘జర కొన్ని దినాలు వచ్చిపో బిడ్డా’ అని పిలిపించాడు. ఆ కొన్ని దినాలు ఇంకా తెగలేదు. ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు కూడా నేను పక్కన కూర్చున్నది తక్కువ, ఆయన తరఫున ఊళ్లమ్మట తిరిగి దండలు వేసింది ఎక్కువ. వచ్చే ఎన్నికల్లో నన్ను నిలబెడతారని ఊళ్లో చెప్పుకుంటున్నారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నా పేరు సుహాసిని, కానీ ఏ ఊళ్లో దిగినా ‘సారు బిడ్డ వచ్చింది’ అంటారు.

మా బండి డిక్కీకి ఒక పద్ధతి ఉంది. ఎడమ పక్క తడి గోనెగుడ్డ కప్పిన పూలదండలు, చావు జరిగిన ఇళ్లకు. కుడి పక్క డబ్బాల్లో గద్వాల చీరలు, పెళ్లివాళ్లకు. డ్రైవరు బాలస్వామి పొద్దున్నే సర్దుతాడు. నేను దిగగానే డిక్కీ తెరిచి, అక్కడి సంగతిని బట్టి దండో చీరో తీసుకుని నా వెనకాలే నడుస్తాడు. నాయిన దగ్గర జుట్టు తెల్లబడేదాకా చేసిన పని, నిద్రలో లేపినా చేస్తాడు.

మా హాలుకూ ఒక పద్ధతి ఉంది. బదిలీలు కావాల్సిన వాళ్లది ఒక వరస, పోలీస్ స్టేషన్ పంచాయితీలది ఒక వరస, దవాఖానకు లెటర్లు అడిగేవాళ్లది గోడ పక్క వరస. పీఏ ప్రేమ్ కుమార్ గుమ్మంలోనే ‘ఏం పని మీద వచ్చిన్రు’ అని అడిగి, ఎవరి వరసలో వాళ్లను కూర్చోబెడతాడు. నాకు బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పని లేకుండా మా ఇంటికి వచ్చిన మనిషిని చూడలేదు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, అన్ని కాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని లోపలికి పోతే, వంటింట్లో ఎస్తేరమ్మ ఒక్కతే ‘ఏం తింటవ్’ అని అడిగేది.

ఎస్తేరమ్మది లింగాల దగ్గర ఒక పల్లె. మా వైపు పత్తి విత్తనాల చేలల్లో పూవు పూవుకూ చేత్తో పుప్పొడి అద్దే పని ఉంటుంది, క్రాసింగ్ అంటారు. ఆ పనికి కూలీల గుంపుతో గద్వాలకు వచ్చింది. ఆ ఏడే మా అమ్మ పోయింది. నాకింకా మాటలు కూడా రాలేదు. చేలో ఉన్న ఎస్తేరమ్మను నాయిన ఇంట్లోకి తెచ్చాడు. తన బిడ్డ కాంతమ్మను ఊళ్లో తల్లి దగ్గర వదిలేసి, నన్ను చంకనెత్తుకుంది. నేను హాస్టలుకు పోయాకే తన ఊరు తాను వెళ్లింది. కాంతమ్మకు నా మీద ఉండాల్సిన కోపం ఉంటే, అది న్యాయమైన కోపమే.

మాఘమాసం ముహూర్తాలు మొదలైన రోజుల్లో, ఒక సాయంత్రం ఆ కాంతమ్మ ఫోన్ చేసింది. ఎస్తేరమ్మకు ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని దవాఖాన వాళ్లు అన్నారట. “ఊకె నీ పేరే తీస్తున్నది. వస్తే వచ్చిపో,” అంది. పిలిచినట్టు లేదు, చెప్పాల్సిన మాట చెప్పేసినట్టు ఉంది.

నేను తిన్నగా నాయిన దగ్గరికి వెళ్లాను. ఆయన అన్నం తింటున్నాడు. విని, బాధగానే తల ఊపాడు. తర్వాత తన సిద్ధాంతం బయటికి తీశాడు. బతికున్న రోగి దగ్గరికి పోతే దవాఖాన పైరవీ మెడకు పడుతుంది, అది కాకపోతే మాట పడతాం. పోయాక పోతే దండం పెట్టి రావచ్చు, పేరుకు పేరూ ఉంటుంది.

“పోయినంక నేనే వస్త బిడ్డా,” అన్నాడు. “రేపు మూడు ప్రోగ్రాములున్నయి. అవి ఇడిసిపెట్టకు.”

చావు కబురు చల్లగా చెప్పడం అంటారు. మా నాయిన ఇంకా రాని చావును కూడా చల్లగా చెప్పగలడు. నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకుని లెక్క వేసుకున్నాను. గద్వాలలో పొద్దుటి పెళ్లి, ఖిల్లా ఘణపూర్‌లో చావు, నాగర్‌కర్నూల్‌లో సాయంత్రం పెళ్లి. ఘణపూర్ నుంచి తొందరగా బయటపడితే, సాయంత్రం పెళ్లికి ముందే లింగాల వెళ్లి రావచ్చు. ఎస్తేరమ్మ బతికుండగా చేరాలి. పోయాక చేరడం మా బండికి ఎలాగూ వచ్చిన విద్యే.

పొద్దున గద్వాల ఫంక్షన్ హాల్లో మగపెళ్లివాళ్లే ఆలస్యంగా వచ్చారు. నేను సోఫాలో కూర్చుని చెప్పులోంచి కాలు తీస్తూ, పెడుతూ ఉన్నాను. నాకు పెళ్లి కాలేదు, నాకంటే పెద్దవాళ్లు జంటగా వచ్చి నా ముందు తల వంచుతుంటే అక్షింతలు వేయాలి. వేస్తే ఫోటో. ఫోటోగ్రాఫరు సరిగ్గా రాలేదంటే మళ్లీ వేయాలి. మధ్యలో కాంతమ్మకు ఫోన్ చేశాను, మోగింది గానీ ఎత్తలేదు. చీర డబ్బా చేతిలో పెట్టి మెట్లు దిగుతుంటే పెళ్లికూతురి తండ్రి అడ్డం వచ్చి, భోజనం చేయకుండా పోతే సారు మా మీద అలిగినట్టే అన్నాడు. నిలబడే రెండు ముద్దలు మింగాను. దేని రుచీ తెలియలేదు.

వనపర్తి దాటేదాకా బాలస్వామిని తోలు, తోలు అని తరుముతూనే ఉన్నాను. ముందు సీట్లో ప్రేమ్ కుమార్ ఫోన్లో ఎవరికో మేడం పది నిమిషాల్లో ఉంటదని అబద్ధం చెబుతున్నాడు. ఆ పది నిమిషాలు నాకూ నిజమైతే బాగుండనిపించింది.

ఖిల్లా ఘణపూర్‌లో పోయినాయన ఒకప్పటి మండలాధ్యక్షుడు, నాయిన మొదటి ఎన్నిక నాటి మనిషి. కోట గుట్ట కిందనే ఇల్లు. దండ వేసి, దండం పెట్టి, ఆయన భార్య చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఇక లేద్దామనుకునే సరికి ప్రేమ్ కుమార్ చెవిలో చెప్పాడు. పెద్దకొడుకు బొంబాయి నుంచి దారిలో ఉన్నాడు, అతను వచ్చేదాకా ఎత్తరు, ఎత్తేదాకా ఉండమని సారు చెప్పిండు.

చావు జరిగిన ఇంట్లో మనం ఏడ్వకూడదని నాయిన నాకు నేర్పాడు. మనం ఏడిస్తే వాళ్లు ఎవరికి చెప్పుకుంటారు అంటాడు. అది నిజమే కావచ్చు. కానీ ఏడాదిగా ఎవరెవరి ఏడుపులో వింటూ, నా ఏడుపు మింగుతూనే ఉన్నాను. ఆ రోజు ఆ ముసలావిడ తన మొగుడి మంచితనం చెబుతుంటే నేను ఊఁ కొడుతూ ఫోన్ వైపే చూశాను. ఆవిడ మాటల్లో సగం వినలేదు. కొడుకు బండి జడ్చర్ల దాటిందని ఒకరన్నారు, ఇంకా దాటలేదని ఇంకొకరన్నారు. కాలు కాలిన పిల్లిలా వాకిట్లోకీ గుడారంలోకీ తిరిగాను. కాంతమ్మకు మళ్లీ చేశాను. ఈసారి ఫోన్ స్విచ్చాఫ్.

అక్కడే తెంచేసుకున్నాను. ఆ ముసలావిడ దగ్గరికి వెళ్లి, నన్ను పెంచినామె చావుబతుకుల్లో ఉంది, పోవాలి అని చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, “బిరాన పో తల్లీ, మాదెట్లాగూ అయిపాయె,” అంది. అడ్డం పడ్డది ప్రేమ్ కుమారే. శవం లేవకముందే మన బండి కదలడం ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదన్నాడు. అయితే ఇవాళ ఉంటుంది అన్నాను.

నాగర్‌కర్నూల్ చేరాక ప్రేమ్ కుమార్ పెళ్లివారి దగ్గర ఆగిపోయాడు. నేను వచ్చేదాకా వాళ్లను మాటల్లో పెట్టడం అతని పని. దిగుతూ దిగుతూ లింగాల వెంకటన్నకు ఫోన్ చేశాడు. వెంకటన్న అక్కడ మా పార్టీ మనిషి. మేడం ఎస్తేరమ్మ ఇంటికి వస్తున్నది, జర చూసుకో అని చెప్పడం నేను విన్నాను. అందులో తప్పేమీ తోచలేదు.

బస్టాండు దగ్గర బండి ఆపించి డిక్కీ తెరిపించాను. ఎస్తేరమ్మకు ఏదో ఒకటి తీసుకుపోవాలి. ఎడమ పక్క దండలున్నాయి, కుడి పక్క పెళ్లి చీరలున్నాయి. బతికున్న మనిషికి పట్టుకుపోవడానికి మా బండిలో ఏమీ లేదు. డిక్కీ మూత పట్టుకుని అలాగే నిలబడ్డాను. సిగ్గేసింది. ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి కనిపించింది. ఎస్తేరమ్మకు బజ్జీలంటే ప్రాణం. నెల జీతం అందిన రోజున నన్ను నడిపించుకుంటూ గద్వాల కోట దగ్గరికి తీసుకుపోయి, తనకు కారంగా, నాకు గింజలు తీసేసి తినిపించేది. వేడివేడిగా ఒక పొట్లం కట్టించుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

తెల్కపల్లి దాటాక రోడ్డు ఖాళీ అయింది. అటూ ఇటూ ఎర్ర నేలలు, కోసేసిన కంది మోళ్లు. పొట్లం నూనె నా చీరకు అంటుకుంటోంది. పల్లె మొదట్లో బండి మలుపు తిరుగుతుండగా వినిపించింది, చర్చి గంట. ఒకటి కొట్టి, ఆగి, మళ్లీ ఒకటి. ఆదివారం గంట అలా మోగదు.

బాలస్వామి బండి నెమ్మది చేశాడు. అద్దంలో నా మొహం చూడలేక చూపు తిప్పుకున్నాడు. “పోయినట్టున్నది మేడం,” అన్నాడు. అతనూ మా వంటింట్లో ఎస్తేరమ్మ చేతి రొట్టె తిన్నవాడే.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. గద్వాల ఫోటోగ్రాఫరు మీద, బొంబాయి కొడుకు మీద, అన్నం తింటూ ‘పోయినంక’ అన్న నాయిన మీద, అన్నీ ముగించుకునే పోదామనుకున్న నా మీద. ఏ ప్రోగ్రామూ తప్పించుకోని మా బండి ఈ ప్రోగ్రాముకు కూడా సరిగ్గా టైముకు వచ్చింది.

దిగేసరికి ఇంటి ముందు షామియానా సగం లేచి ఉంది. ట్రాలీ ఆటోలోంచి కుర్చీలు దించుతున్నారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని అప్పుడే వస్తున్నారు. తెల్ల కండువా వేసుకున్న వెంకటన్న చేతులు కట్టుకుని ఎదురొచ్చాడు. ఎప్పుడు పోయింది అని అడిగాను.

అతను తికమకగా చూశాడు. “మీకే తెల్వాలె గద మేడం. మీరు బయల్దేరిన్రని ప్రేమ్ సారు ఫోన్ జేసిండు. గందుకే గంట కొట్టిపిచ్చిన.”

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమవుతుండగానే లోపలి నుంచి సన్నగా, గీరుకుపోయిన గొంతు వినిపించింది.

“ఎవరు పోయిన్రే కాంతా? గంట మోగవట్టె.”

నేను గుమ్మంలోకి దూకినంత పని చేశాను. ఎస్తేరమ్మ నులక మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. మనిషి సగమైపోయింది, కళ్లు మాత్రం అవే. కాంతమ్మ పక్కన గంజి గిన్నె పట్టుకుని, బయట జనాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. ఫోన్ సంగతి అడిగితే, పొద్దున అవ్వ పనిలో ఉండి ఎత్తలేదు, తర్వాత కరెంటు లేక ఆగిపోయింది అంది. ఆమెకు కూడా ఏమీ తెలియదు. అంతలో ఎస్తేరమ్మ చూపు నన్ను దాటి నా వెనక్కి పోయింది. తిరిగి చూశాను.

బాలస్వామి. అలవాటు ప్రకారం డిక్కీ తెరిచి, అలవాటు ప్రకారం దండ తీసుకుని, అలవాటు ప్రకారం నా వెనకాలే వచ్చాడు. తడి దండ చేతుల్లో నీళ్లు కారుతోంది.

“బాలసామీ,” అంది ఎస్తేరమ్మ, “గా దండ నాకేనా?”

అతను దాన్ని వీపు వెనక దాచుకోబోయాడు. అంత పెద్ద దండ ఎక్కడ దాగుతుంది. ఎస్తేరమ్మ నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ తెగలేదు. కాంతమ్మ వీపు రాస్తూ బయటివాళ్లకు వినపడేలా, మా అవ్వ మంచిగనే ఉన్నది, మీ కుర్చీలు మీరు తీసుకపోండి అని అరిచింది. గంట ఆగింది. వెంకటన్న మాత్రం కదల్లేదు. వచ్చిన మేడంను వదలడం ఎందుకనేమో, గుమ్మం పక్కన ఫోన్ ఎత్తి ఫోటోలు తీస్తున్నాడు.

నేను మంచం పట్టె మీద కూర్చుని పొట్లం విప్పాను. బజ్జీలు చల్లారి మెత్తబడ్డాయి. ఎస్తేరమ్మ ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది, కొస కొరికింది, ఎక్కువ మింగలేకపోయింది. మిగతాది నా నోట్లో పెట్టింది, అందులో గింజలు తీసేసి. ఆ చేతి వేళ్లు పని మరచిపోలేదు. తర్వాత నా చీర అంచు పట్టి చూసి, చిక్కిపోయావంది. నేను ఏదో చెప్పబోతుంటే ఆపి, వాకిలి వైపు చూపించింది.

“నువ్వొస్తే ఊరు ఊరంత నేను పోయిననుకున్నది,” అంది. “మీ బండి గట్ల అయిపోయింది బిడ్డా.”

ఆమె నా చేయి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

“ఒక మాటిను. నేను నిజంగ పోయిన్నాడు నువ్వు రాకు. ఎవ్వరు పిలిచినా రాకు. గా దినం నువ్వేడుస్తవ్, గది గూడ ఫోటో తీస్తరు. సూసేది సూసినవ్, నాకు గిది సాలు. ఏడ్సేదుంటే ఈడనే ఏడ్సిపో.”

కాంతమ్మ లేచి వెళ్లి వెంకటన్న మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టింది. అప్పుడు ఏడ్చాను. ఎస్తేరమ్మ ఒళ్లో తల పెట్టి, ఒళ్లంతా కుదిపేసేలా ఏడ్చాను. ఏడాదిగా మింగిన చావులన్నీ అందులో ఉన్నాయి, ఊహ తెలియని రోజుల్లో పోయిన మా అమ్మ కూడా ఉంది. ఆమె నా తల మీద చేయి వేసి, ఊరుకోమని ఒక్కసారి కూడా అనలేదు. పక్కన కాంతమ్మ కూడా కళ్లు తుడుచుకోవడం చూశాను. తన తల్లి ఒడిలో నేను తల పెట్టడం ఆమెకు ఎలా ఉందో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

పొద్దు వాలుతుండగా నాయిన ఫోన్ చేశాడు. పెళ్లివారు ఎదురు చూస్తున్నారట. ఎస్తేరమ్మ ఇంట్లో ఉన్నానన్నాను.

“పోయిందా?” అన్నాడు.

లేదు, మాట్లాడుతోంది అన్నాను.

“మరి ఇంక ఆడేం జేస్తున్నవ్?”

ఫోన్ ఎస్తేరమ్మ చెవి దగ్గర పెట్టాను. సారూ, పానం ఎట్లున్నది, యాళకు తింటున్నరా అని అడిగింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మొదలు నాయినను కలిసినవాళ్లంతా తమ పని చెప్పుకోవడానికి ముందు ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఈమె అది అడిగి ఊరుకుంది. తింటున్న ఎస్తేరూ అని నాయిన ఫోన్ పెట్టేశాడు. నాగర్‌కర్నూల్ పెళ్లికి నేను వెళ్లలేదు.

ఎస్తేరమ్మ శివరాత్రి దాటేదాకా ఉంది. ఆ కబురు వచ్చిన పొద్దున్న నాయిన తెల్ల చొక్కా వేసుకుని తయారయ్యాడు. డాక్టరు వద్దన్నా ఇది తప్పదన్నాడు. ఇద్దరం కలిసి పోతే మంచిగుంటుందన్నాడు. నేను రానన్నాను. కారణం అడిగాడు, చెప్పలేదు. చెబితే ఆ మాట సంతాప సభలో మైకులోకి ఎక్కుతుందని నాకు తెలుసు. నా దగ్గర మైకు తాకని మాట అదొక్కటే ఉంది. ప్రేమ్ కుమార్ తల పట్టుకున్నాడు. కనీసం పాత ఫోటో ఒకటి ఇవ్వండి మేడం, నివాళి అని పెడతాం అన్నాడు. అదీ ఇవ్వలేదు. బాలస్వామి గోనెగుడ్డ కింద దండ పెడుతూ నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

మధ్యాహ్నానికే వాట్సాప్ గ్రూపుల్లో మొదలైంది. పెంచిన తల్లి చావుకు కూడా రాని బిడ్డ రేపు మన చావులకు ఏమొస్తుంది అని రాశారు. కింద ఎన్నో చేతులు జోడించిన బొమ్మలు. ఎవరిని కదిపినా అదే మాట. నేను గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉన్నాను. వెళ్లి ఉంటే బాగుండేదని ఒక గంట, మాట నిలబెట్టుకున్నానని ఒక గంట. ఏ గంటా కుదురుగా లేదు.

సాయంత్రం నాయిన అలిసిపోయి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. మస్తు మంది వచ్చారని, అందరూ నిన్నే అడిగారని చెప్పాడు. ఏం చెప్పావు అన్నాను.

“ఏం చెప్త? నీకు పానం బాగలేదన్న.”

కోపంతో చెప్పాడో, నన్ను కాపాడదామని చెప్పాడో తెలియలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత వరసగా నాలుగైదు రోజులు హాలు ఎప్పటిలాగే నిండింది. సారు బిడ్డకు బాగలేదని వచ్చినవాళ్లందరికీ తెలుసు. బదిలీల వాళ్లు బదిలీ అడిగారు, పంచాయితీల వాళ్లు పంచాయితీ చెప్పుకున్నారు. మేడంకు ఇప్పుడెట్లుంది అని పోయేముందు ఒకరిద్దరు ప్రేమ్ కుమార్‌ను అడిగారట. లోపలికి ఎవరూ రాలేదు. రోగి దగ్గరికి పోకూడదని వాళ్లకు నేర్పింది మేమే కదా.

ఆదివారం పొద్దున నేను మెట్ల మీద ఉన్నాను. గుమ్మంలో కాంతమ్మ నిలబడి ఉంది. తల్లి మీద మట్టి వేసిన చేతులు ఇంకా ఆరి ఉండవు. లింగాల నుంచి నాగర్‌కర్నూల్, అక్కణ్నుంచి వనపర్తి, అక్కణ్నుంచి గద్వాల, బస్సులు మారి వచ్చినట్టు చెప్పులూ చీర అంచూ దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. చేతిలో బట్టతో కట్టిన టిఫిన్ డబ్బా. హాలంతా నిండి ఉంది. నాయిన తన కుర్చీలో ఎవరి అర్జీయో చదువుతున్నాడు.

ప్రేమ్ కుమార్ ఆమెను గుర్తు పట్టలేదు. ఏం పని మీద వచ్చిన్రు అని అలవాటుగా అడిగాడు. నాయిన తలెత్తి చూశాడు.

“పనేం లేదు సారూ,” అంది కాంతమ్మ. “సుహాసినికి పానం బాగలేదన్నరు. సూసిపోదామని వచ్చిన.”

ప్రేమ్ కుమార్ బదిలీల వరస వైపు చూశాడు, గోడ పక్క వరస వైపు చూశాడు. ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో అతనికి తెలియలేదు.